మేడం గాజుల పిన్నీసులు

మార్కాపురంలో నేను చదివిన డిగ్రీ కాలేజీలో ఆడపిల్లల ఫిర్యాదులు వినే కమిటీకి ఒక మేడం పెద్ద. ఆమె గాజులకు ఎప్పుడూ రెండు మూడు పిన్నీసులు వేలాడుతుండేవి. ఎవరి చున్నీ జారినా దగ్గరికి పిలిచి, తల్లిలాగా పిన్నీసు పెట్టేది. అందుకే ఆమె అంటే మాకు నమ్మకం.

ల్యాబ్‌లో సారు భుజమ్మీద చేతులేస్తున్నాడని త్రిపురాంతకం నుంచి వచ్చే నా స్నేహితురాలు ఏడిస్తే, మేడం దగ్గరికే తీసుకుపోయినా. ఆమె అంతా విన్నది. కళ్ళు కూడా తుడుచుకున్నది. తర్వాత గాజుకున్న పిన్నీసు తీసి ఆ పిల్ల చున్నీకి పెట్టింది.

"ఇట్ల నిండుగా వేసుకోమ్మా. బయట చెప్పినావంటే మీ నాయన చదువు మాన్పిస్తాడు."

"మరి సారును ఏమీ అడగరా మేడం?" అన్నా నేను.

"ఆయనకూ పిల్లలున్నారు కదమ్మా."

ఆ పిల్ల మళ్ళీ కాలేజీకి రాలేదు. సారు ల్యాబ్‌లోనే ఉన్నాడు. మా అందరి చున్నీలకూ పిన్నీసులు వచ్చినాయి.

పోయిన నెల ఆ సారు రిటైర్మెంట్ సభకు పాత విద్యార్థులను పిలిస్తే పోయినా. కప్పిన శాలువా ఆయన భుజమ్మీద నిలవక జారిపోతున్నది. మేడం లేచి వచ్చి, గాజుకున్న పిన్నీసు తీసి, అంతే ప్రేమగా పెట్టింది.