ముందే చేయించిన ఉయ్యాల

మీ ఇంట్లో పుట్టకుండానే పోయిన బిడ్డ గురించి మీరు ఆఖరుసారి ఎప్పుడు, ఎవరితో మాట్లాడారు? మా ఇంట్లో అలాంటిదేమీ జరగలేదని తొందరపడి అనకండి. మీ అమ్మగారిని అడగండి. మీ పెద్ద వదినను అడగండి. జరిగే ఉంటుంది. వాళ్లు చెప్పి ఉండరు, మీరు అడిగి ఉండరు.

నేను మాట్లాడటమే పనిగా పెరిగినదాన్ని. మా నాన్న భోజనాల దగ్గర ఏదో ఒక విషయం ఇచ్చి, ముందు అటువైపు నిలబడి వాదించమనేవారు, ఆ తర్వాత ఇటువైపు. జాతకాలు, దిష్టి, ముహూర్తాలు, అన్నీ మా ఇంట్లో పప్పన్నంతో పాటు విచారణకు వచ్చేవి. పెద్దయ్యాక అవే మాటలు సభల్లో చెప్పాను, పత్రికల్లో రాశాను. అలాంటి నేను ఈ ఒక్క సంగతి దగ్గర నోరు మూసుకున్నాను. ఇప్పుడు రాస్తూ కూడా సిగ్గుపడుతున్నాను.

మా పెళ్లి కొత్తపేటలో ఒక చిన్న హాల్లో జరిగింది. దండలు మార్చుకున్నాం, సంతకాలు పెట్టాం. ముహూర్తంతో పని లేదు కనుక భోజనాల వేళకు పెట్టుకున్నాం. పెళ్లికూతుర్ని, నేనే మైకు పట్టుకుని, తాళి ఎందుకు వద్దనుకున్నానో అందరికీ చెప్పాను. మా అత్తయ్యగారు మొదటి వరసలో గుప్పెట్లో అక్షింతలు పట్టుకుని కూర్చున్నారు. ఎప్పుడు వెయ్యాలో ఆవిడకు తెలియలేదు. చివరికి మేం బయటికి వస్తుంటే గుమ్మం దగ్గర గబగబా మా నెత్తిన వేసేశారు.

"ఏవనుకోకమ్మాయ్, చేతిలో ఉండిపోయేయి" అన్నారు.

అందరం నవ్వాం. నేను అందరికంటే గట్టిగా నవ్వాను.

కాపురం ముక్తేశ్వరం దగ్గర, కాలవ గట్టు మీద ఉన్న వాళ్ల సొంత ఇంట్లో. మా ఆయన అమలాపురంలో ఒక కాలేజీలో లెక్కలు చెబుతారు. నేను ఆయన్ని నువ్వు అని పిలుస్తాను. పక్కింటి పిన్నిగారికి అది మింగుడుపడేది కాదు. ఒకరోజు ప్రహరీ మీదుగా, "మొగుణ్ణి ఏవండీ అనడానికి మీ కోడలికి నోరు నెప్పా అండీ?" అని అడిగారు.

"మా కోడలు మైకులో అయితే అందర్నీ అండీ అంటదిలెండి" అన్నారు అత్తయ్యగారు.

నా మీద విసిరిన చురకే అయినా, నన్ను కాసిన మాట కూడా అదే. ఆవిడ పద్ధతి అది. పూజలు చేసుకునేవారు, ఉపవాసాలు ఉండేవారు, నన్ను రమ్మనేవారు కాదు. నేనే ఊరుకునేదాన్ని కాదు. శనివారం గోళ్లు తీయకూడదంటే ఎందుకని అడిగేదాన్ని. ఆవిడ లేచి వంటింట్లోకి వెళ్తే, గెలిచాననుకునేదాన్ని.

పెళ్లయిన ఏడాదికి నెల తప్పాను. మా వైపు బిడ్డ చేతికి రాకుండా ఏదీ కొనరు. ఆఖరికి చిన్న చొక్కా కూడా. ఉయ్యాల అయితే బారసాల నాటికి పుట్టింటివాళ్లు తేవాలి, అంతకు ముందు గడప లోపలికి రాకూడదు. ఖాళీ ఉయ్యాల ఊపితే మరీ కీడు. ఇన్ని కూడదులు ఒక్కచోట దొరికితే నేను ఊరుకుంటానా? అయిదో నెలలోనే పనస కర్రతో ఉయ్యాల చేయించాను. హాల్లో స్లాబుకు రెండు కొక్కేలు దింపించి, గొలుసులతో వేలాడదీయించాను.

మా ఆయన ఒక్కసారి మాత్రం, "ఇప్పుడే అవసరమా?" అన్నారు.

"ఎప్పుడైనా అవసరమే కదా, ఇప్పుడైతే ఏం?" అన్నాను.

ఆ నెలలోనే పంటు పడవ మీద గోదావరి దాటి రామచంద్రపురం సభకు వెళ్లాను. "మా ఇంట్లో ఉయ్యాల ఇప్పుడే వేలాడుతోంది. కీడు జరుగుతుందనే వాళ్లు వచ్చి కళ్లారా చూసుకోవచ్చు" అన్నాను. చప్పట్లు బాగా కొట్టారు. ఆ మాట నాకంటే ముందే ఊరు చేరింది. మా వీధి ఆడవాళ్లు నిజంగానే చూడటానికి వచ్చారు. వాళ్ల ఎదురుగా ఖాళీ ఉయ్యాలను ఒక్క ఊపు ఊపాను. పిన్నిగారు చటుక్కున లేచి గొలుసు పట్టుకుని ఆపేశారు.

"వద్దమ్మాయ్" అన్నారు.

"ఏమవుతుంది పిన్నిగారూ? లోపల గాలి తప్ప ఏముంది?" అని ఆవిడ చెయ్యి తీయించి, మళ్లీ ఊపాను. అత్తయ్యగారు వంటింటి గుమ్మంలో నిలబడి చూస్తున్నారు.

ఆరో నెల దాటాక ఒక ఉదయం, ముందురోజు నుంచీ బిడ్డ కదలడం లేదని నాకు తోచింది. అమలాపురంలో మేం చూపించుకునే నర్సింగ్‌హోమ్‌కు బండి మీద వెళ్లాం. స్కానింగ్ గదిలో డాక్టరుగారు తెరను మెల్లగా తనవైపు తిప్పుకున్నారు. అప్పుడే తెలిసిపోయింది. నొప్పులు తెప్పించి కాన్పు చేశారు. ఆడపిల్ల.

మర్నాడు డాక్టరుగారు మంచం పక్కన కూర్చుని, మాయలోంచి బిడ్డకు రక్తం సరిగ్గా అందలేదని, ఇలా కొందరికి జరుగుతుందని, ఇందులో ఎవరి తప్పూ లేదని చెప్పారు. ఆవిడ చెప్పడం అయ్యేదాకా ఆగి నేను అడిగాను.

"ఉయ్యాల ముందే చేయించేం డాక్టరుగారూ. ఊపేం కూడా."

ఆవిడకు ముందు అర్థం కాలేదు. అర్థమయ్యాక నా ముఖంలోకి చూశారు.

"మీరు మీటింగుల్లో మాట్లాడతారు కదండీ?" అన్నారు.

వెటకారం కాదు. నిజంగానే తెలుసుకుందామని అడిగారు. మా ఆయన నేల చూపులు చూస్తున్నారు. "దానికీ దీనికీ ఏం సంబంధం లేదమ్మా" అన్నారు ఆవిడ. ఊళ్లూళ్లూ తిరిగి నేను చెప్పిన మాటే అది. మొదటిసారి వింటున్నదానిలా తలూపాను.

బిడ్డను మా ఆయన ఒక్కరే తీసుకెళ్లి, మా కొబ్బరితోటలో పూడ్చి వచ్చారు. ఎక్కడ అని నేను అడగలేదు. అడిగితే ఒక చోటు ఉంటుంది, చోటు ఉంటే బిడ్డ ఉన్నట్టే. నాకు అప్పుడు కావలసింది ఆ బిడ్డ అసలు లేనట్టుండటం.

ఇంటికి వచ్చేసరికి ఉయ్యాల లేదు, అటకెక్కించేశారు. స్లాబుకు కొక్కేలు మాత్రం ఉన్నాయి. వచ్చినవాళ్లందరి కళ్లూ ముందు నా మీదికి, ఆ తర్వాత పైకి పోయేవి. అలా పోయాయని నేను అనుకున్నాను. ఇవాళ ఆలోచిస్తే, పైకి చూస్తున్నది నేనేనేమో. రెండో రోజు నుంచి గది తలుపు వేసుకున్నాను. పిన్నిగారు చారన్నం కలిపి పట్టుకొచ్చేవారు.

"పడుకుందండి" అనేవారు అత్తయ్యగారు వరండాలోంచి.

"పర్లేదు, లేచేక వస్తానులెండి."

లోపల నేను మెలకువగానే ఉండేదాన్ని. తన మాట నెగ్గిందని చూసుకోవడానికే పిన్నిగారు వస్తున్నారనుకుని, గోడవైపు తిరిగి పడుకునేదాన్ని.

అంతకంటే సిగ్గుపడవలసినది ఇంకొకటి ఉంది. మా సభలు నడిపే పెద్దాయన ఫోన్ చేశారు. మంచి మనిషి, నాన్నగారికి స్నేహితుడు.

"చాలా బాధగా ఉందమ్మా. ఒక్క మాట. కొన్నాళ్లు ఈ సంగతి మీటింగుల్లో ఎత్తకు. అవతలివాళ్లకి ఆయుధం ఇచ్చినట్టవుద్ది."

"ఆయ్, అలాగేనండి" అన్నాను.

ఫోన్ పెట్టేశాక గాని నేనేం ఒప్పుకున్నానో తెలియలేదు. నమ్మకాలవాళ్లకు నా కూతురు ఒక రుజువు. మావాళ్లకు ఆ రుజువును కప్పిపెట్టడం ఒక అవసరం. ఎవరిమీదైనా కోపం తెచ్చుకుందామంటే, ఆ బిడ్డను అందరికంటే ముందు వాదనలోకి లాగి, వేదిక ఎక్కించి, చప్పట్లు కొట్టించుకున్నది ఎవరు? ఇంకా పుట్టని పిల్లను సాక్ష్యానికి పిలిచినదాన్ని, ఇప్పుడు ఎవరిని తప్పుపట్టగలను? ఆచారం తప్పే. ఇవాళ కూడా అదే అంటాను. ఉయ్యాల ముందే చేయించడంలో ఏ తప్పూ లేదు. నేను దాన్ని బిడ్డ కోసం చేయించలేదు, అదీ నన్ను తినేస్తున్నది.

మా ఆయన వారం తిరక్కుండా కాలేజీకి వెళ్లిపోయారు. దారిలో కనబడ్డవాళ్లంతా "అమ్మాయికి ఎలా ఉంది?" అని అడిగేవారట. ఆయనకు ఎలా ఉందని ఎవరూ అడగలేదు. నేనూ అడగలేదు. ఒక ఆదివారం మధ్యాహ్నం చూస్తే అటకకు నిచ్చెన వేసి ఉంది. పైన ఆయన గూళ్లో పక్షిలా ముడుచుకుని కూర్చుని, ఉయ్యాల గొలుసుకు కొబ్బరినూనె రాస్తున్నారు.

"ఏం చేస్తున్నావు?"

"తుప్పు పడతాది కదా" అన్నారు, నా వైపు చూడకుండా.

నిచ్చెన మెట్టు మీద నిలబడి అడిగాను, "తోటలో ఎక్కడ?"

ఆయన నూనె చేతులు లుంగీకి తుడుచుకున్నారు. తర్వాత దిగివచ్చి, చెప్పులు వేసుకుని ముందు నడిచారు. కాలవ వైపు చివరి వరసలో, పోక చెట్టు పక్కన. అక్కడంతా పచ్చగడ్డే. ఎప్పుడో తెచ్చి నాటినట్టున్నారు, చిన్న నందివర్ధనం మొక్క ఉంది. దానికి రోజూ ఎవరు నీళ్లు పోస్తున్నారో నేను అడగనవసరం లేకపోయింది.

మళ్లీ నెల తప్పినప్పుడు బయట ఎవరికీ చెప్పలేదు. సభలకు వెళ్లడం మానేశాను, ఆరోగ్యం బాగాలేదన్నాను. ఎనిమిదో నెలలో ఒక సాయంత్రం వరండాలో కూర్చుని అత్తయ్యగారూ నేనూ చిక్కుడుకాయలు ఒలుస్తున్నాం.

"ఉయ్యాల దింపించమంటావా అమ్మాయ్?" అన్నారు ఆవిడ.

ఆవిడ. శనివారం గోళ్లు తీసుకోని మనిషి.

"వద్దత్తయ్యా. పుట్టేక చూద్దాం" అన్నాను.

ఆ మాట నా నోట్లోంచి వచ్చింది. నమ్మకం కాదు, భయం. నమ్మేవాళ్లలోనూ ఎక్కువమందికి ఉండేది భయమేనని ఆ సాయంత్రం దాకా నాకు తట్టలేదు. నేను వాళ్లతో నమ్మకం గురించి వాదించాను. భయం గురించి ఒక్కరినీ అడగలేదు.

అత్తయ్యగారు చాట పక్కన పెట్టారు. "ఆ రోజు నువ్వు ఊపుతుంటే ఆపుదావనుకున్నాను. నీ నోటికి భయపడి ఊరుకున్నాను. ఇన్నాళ్లూ అదే. ఆపితే బతికేదేమో, నా మొహమాటం వల్ల పోయిందేమో అని."

"అలా కాదత్తయ్యా. రక్తం అందలేదని డాక్టరుగారు చెప్పేరు కదా."

"నాకెవరు చెప్పేరు?"

నిజమే. ఎవరూ చెప్పలేదు. ఆ ఒక్క ముక్క చెప్పి ఉంటే, ఆవిడ గుండె మీద అన్నాళ్లూ ఆ బరువు ఉండేది కాదు. పరాయి ఊళ్లలో వందలమందికి శాస్త్రం బోధించిన నేను, ఒకే పొయ్యి మీద వండుకు తింటున్న మనిషికి స్కానింగ్ గదిలో తెలిసిన సంగతి చెప్పలేదు. అప్పుడు మొత్తం చెప్పాను, మాయ అంటే ఏమిటో, రక్తం ఎలా ఆగిందో. ఆవిడ విన్నారు. తర్వాత చీర చెంగుతో ముఖం తుడుచుకుని అన్నారు, "పక్కావిడకి కూడా మొదటిది దక్కలేదు. అందుకే ఆ రోజు గొలుసు పట్టుకుంది. వాదనకి కాదు."

బాబు పుట్టాడు, మూడు కేజీలు, పెద్ద గొంతు. ఉయ్యాల దింపి అదే కొక్కేలకు వేశాం. బారసాల నాడు, అత్తయ్యగారి తరఫు దూరపు బంధువు ఒకావిడ బాబును చూసి, "తొలి కాన్పేనా అమ్మా?" అని అడిగింది.

హాలంతా జనం. మా ఆయన చేతిలో మంచినీళ్ల గ్లాసుల పళ్లెం ఉంది. ఆయన ఆగిపోయారు.

"ఆయ్, తొలి కాన్పేనండి" అన్నాను.

ఆయన పళ్లెం తీసుకుని వరండాలోకి వెళ్లిపోయారు. అత్తయ్యగారు బాబు దుప్పటి సర్దారు, సర్దిందే మళ్లీ సర్దారు. అందరూ వెళ్లాక పిన్నిగారు ఉయ్యాల గొలుసు పట్టుకుని, ఈసారి ఆపకుండా, మెల్లగా ఊపుతూ నాతో అన్నారు.

"నేనూ అలాగే చెప్పేదాన్ని. ఇన్నేళ్లూ అదే చెప్పేను. చెప్పినప్పుడల్లా మా బుల్లోడు మళ్లీ పోయినట్టుండేది."

కాబట్టి ఇక్కడ, అచ్చులో, చెబుతున్నాను. బాబుది నా రెండో కాన్పు. మొదట ఆడపిల్ల. కాలవ వైపు ఆఖరి వరసలో, పోక చెట్టు పక్కన ఉంది. ఎవరి కర్మ వల్లా, ఎవరి దిష్టి వల్లా, ఏ ఉయ్యాల వల్లా పోలేదు. ఇది రాసినంత మాత్రాన నా సిగ్గు తీరిపోదు. బారసాల నాడు నిండు హాల్లో అనవలసిన మాట నేను అనలేదు. ఆ బంధువు ఇంటికి వెళ్లి చెప్పాలి. ఈ ఆదివారం వెళ్తున్నాం, మా ఆయనా నేనూ.

మీకు తెలిసిన ఇల్లు ఒకటి ఉంది. ఇది చదవడం మొదలుపెట్టిన దగ్గర్నుంచీ అది మీకు గుర్తొస్తూనే ఉంది. పత్రిక పక్కన పెట్టి లేవండి. ఆ ఇంటికి వెళ్లండి. మళ్లీ పుడతార్లే అనకండి, ఏం పొరపాటు చేశారని అడగకండి. పడుకుందంటే గుమ్మంలో కూర్చుని ఆగండి. ఆమెను అడగండి, ఆయన్నీ అడగండి: ఆడపిల్లా, మగపిల్లాడా?