దయ్యాల కోటలో ఖాళీ కిటికీ

మా లేడీస్ హాస్టల్ ఆయమ్మ మొన్న మంగళవారం పొద్దున సర్కారు దవాఖానలో చనిపోయింది. కామెర్లు. ఈ మాట నాకు వాచ్‌మన్ చెప్పాడు, ఆఫీసు చెప్పలేదు. ఆ రోజు నోటీసు బోర్డు మీద అంటించిన కాగితం, మెట్ల మీద బకెట్లు పెట్టరాదని.

బాచుపల్లి దాటాక బండరాళ్ళ మధ్య కట్టిన కాలేజీ మాది. హాస్టల్ తెరిచిన రోజు నుంచీ మూడంతస్తులూ ఊడ్చి తుడిచింది ఆమె. తలుపు కొట్టేది కాదు. "కాళ్ళు మీదికి, బిడ్డా" అంటూ చీపురుతో సహా వచ్చేసేది. మేం పుస్తకాలతో సహా మంచాలెక్కేవాళ్ళం. "నడుమల అందరూ ఊడుస్తరు. మూలలు ఊడ్సుడే పని" అనేది. పరీక్షలకు నేను సగం సిలబస్ వదిలేసినా అదే మాట.

కిందటేడు హాస్టల్ డేకి, సిబ్బందికి కృతజ్ఞతగా భోజనాల హాల్లో ఒక బోర్డు చెయ్యమని మేట్రన్ గారు నాకు అప్పజెప్పారు. గులాబీ చార్టు మీద థాంక్యూ అని రాసే ఓపిక నాకు లేదు. కరెంటు పోతే గబ్బిలాలు తిరిగే మా హాస్టల్‌ని ఎలాగూ అందరూ దయ్యాల కొంప అంటారు. దాన్నే కోట చేశాను. నల్ల చార్టు, థర్మాకోల్‌లో కోసిన మొనదేలిన కిటికీలు, కిటికీకొక ఫొటో. మేట్రన్ గారు కోటకు మహారాణి. వంటాయన కొప్పెరలో మందు కలిపే మంత్రగాడు. వాచ్‌మన్ గుడ్లగూబ. అన్నిటికన్నా పై బురుజులో సాలీళ్ళ రాణి, మా ఆయమ్మ.

"ఆయమ్మా, వారం రోజులు ఆ మూల బూజు దులపకు. నాకు కావాలి" అన్నాను.

నడుం మీద చెయ్యేసుకుని నిలబడింది. "ఏంది? బూజుంటే మేడమ్ తిడ్తది. నువ్వేమో బూజు కావాలంటవు. మంచిగ సదువుకున్నవు బిడ్డా!"

తీరా తీస్తే బూజు చేతిలో ముద్దయిపోయింది. అప్పుడామె దీపం వత్తులకని తెచ్చుకున్న పత్తి బయటికి తీసింది. రెండు వేళ్ళతో పొగలా సాగదీసి, కిటికీ మొనల మీదుగా పరుచుకుంటూ పోయింది. అంతా అయ్యాక వెనక్కి జరిగి తన ఫొటో చూసుకుని, "అబ్బో, గింత పైకెక్కిచ్చినవా? మేడమ్ కన్నా పైన?" అని కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. హఫీజ్‌పేట్ నుంచి చెల్లెల్ని పిలిపించి చూపిస్తానంది.

హాస్టల్ డే పొద్దున కరస్పాండెంట్ గారు వచ్చారు. గబ్బిలాలను చూసి నవ్వారు. మంత్రగాణ్ణి చూసి నవ్వారు. బురుజు దగ్గర ఆగారు.

"ఊడ్చే మనిషి స్టాఫ్ ఎట్లా అవుతుందమ్మా? కాంట్రాక్టు మనిషి. గెస్టులొస్తున్నారు, తీసెయ్యి."

స్టూలెక్కి తీసింది నేనే. నోరు పెద్దదని పేరున్న నేనే. పడకుండా కింద స్టూలు పట్టుకున్నది ఆమె. "ఫికర్ చెయ్యకు బిడ్డా, జర మెల్లగ దిగు" అంది. పత్తి మాత్రం ఉంచమన్నారు. అందంగా ఉందట! సాయంత్రం చెల్లెలు వచ్చింది. ఇద్దరూ హాలు గడప దాకా వచ్చి, వెనక్కి వెళ్ళిపోయారు.

ఆమె పోయిన మర్నాడు ఆఫీసుకు వెళ్ళి, సంతాపసభ ఎప్పుడని అడిగాను. గుమాస్తా రిజిస్టరు తిరగేశాడు. "స్టాఫ్ లిస్టులో ఆవిడ లేరండి. అందరికీ సభలు పెడితే క్లాసులు జరగొద్దా?" కరస్పాండెంట్ గారి మామగారు పోతే మాకు ఒంటిపూట సెలవిచ్చారు. ఆయన ఏ లిస్టులో ఉన్నారో ఎవరూ చెప్పలేదు. అవతల గుట్టలు పేల్చి అద్దాల మేడలు లేపుతున్నారు, మేమంతా అక్కడ ఉద్యోగాలు చేస్తామని కాలేజీ తన బ్రోషర్లో అచ్చేసుకుంది. ఆ అద్దాలు తుడిచేవాళ్ళు ఎవరి లిస్టులో ఉంటారో!

మధ్యాహ్నం భోజనాల వేళ, గుమాస్తా మాట వంటాయనకు చెప్పాను. ఆయన ఒక పొయ్యి ఆపాడు. రెండోదీ ఆపాడు.

"మన మనిషికి నిలవడనీకి ఆఫీసోళ్ళు చెప్పాల్నా?" అన్నాడు.

వంటింటి ఆడవాళ్ళు చేతులు తుడుచుకుని వచ్చి ఆయన పక్కన నిలబడ్డారు. గేటు వదిలి వాచ్‌మన్ వచ్చాడు. మేట్రన్ గారు ఏదో అనబోయి, చెప్పులు విప్పి గోడ పక్కకు చేరారు. ఖాళీ కంచాలతో లైన్లో ఉన్న మేమందరం అలాగే ఆగిపోయాం. ఎవరూ గడియారం చూడలేదు. పెద్ద గిన్నెలో పప్పు కుతకుత నెమ్మదించి, ఆఖరి బుడగ కూడా పగిలి, పైన సన్నగా తెట్టు కట్టింది.