విప్పలేని ముడి

చేపలకి ఐసు చేరేసే ఆటో తోలే మణిదీప్ ఆటపట్టించని మనిషి లేడు గానీ, పాపాయి పిన్ని చేతిలో వల ఉండగా ముడి గురించి అడగడం మాత్రం అతను చేసిన ఒట్టి తెలివితక్కువ పని. మొగల్తూరు దాటాక సముద్రం వైపున్న ఇళ్లలో చిరిగిన వలలన్నీ బాగుకి పాపాయి దగ్గరికే వస్తాయి. అరుగు మీద కాళ్లు చాపుకుని, వల కొసను కాలి బొటనవేలికి తగిలించి, వేసిన ప్రతి ముడినీ పంటితో లాగి చూసుకుంటుంది. చీర కొంగుకి మాత్రం ఎప్పుడూ ముడెయ్యదు. సముద్రం హోరు పెరిగితే చెయ్యి ఆగిపోతుంది. ఎవరో పిలిచినట్టు తలెత్తి, "ఆఁ, విప్పుతున్నానయ్యా" అని గొణుగుతుంది.

"పిన్నీ, దేవుడు అన్నీ చెయ్యగలడంటావు కదా. మరి తను కూడా విప్పలేని ముడి వెయ్యగలడా?" అన్నాడు మణిదీప్ నవ్వాపుకుంటూ. వెయ్యగలడంటే విప్పడం రాదు, విప్పగలడంటే వెయ్యడం రాదు. ఎటు చెప్పినా పిన్ని దొరికిపోతుందని అతని ధీమా.

ఆమె నవ్వలేదు. "తుపానని ఫోన్లో మెసేజొచ్చిన రోజు మీ బాబాయి పడవకి అలాంటి ముడే వేశాన్రా. ఎంత పీకినా ఆయనకి రాలేదు."

"మరెలా వెళ్లాడు?" అనేసి మణిదీప్ నాలుక కరుచుకున్నాడు. బాబాయి చంద్రరావూ ఆ పడవా తిరిగి రాలేదని అతనికీ తెలుసు.

"విప్పవే పాపాయీ అన్నాడు. విప్పాను." ఆమె చేతిలో ముడిని పంటితో బిగించింది. "దేవుణ్ణి అడగాల్సింది ముడి సంగతి కాదురా వెధవా. తన మనిషి విప్పమన్నాక తను విప్పకుండా ఉండగలడేమో, అదడుగు."