నాయనమ్మ మంచం, మా నెట్టు

నేను ఆటలు నేర్పే బడిలో ఇవాళ కొత్త వాలీబాల్ నెట్టు కట్టాను. ఆ నైలాన్ వాసనకు మా ఊరు చర్లలో మా ఇంటి వాకిలి గుర్తొచ్చింది.

చిన్నప్పుడు మేమాడుకునే పాత నెట్టు పూర్తిగా చినిగిపోతే, నాన్న దాన్ని మడతలు వేసి, నులక తెగిన నాయనమ్మ మంచానికి బిగించి అల్లాడు. ఇక మా ఆట ముగిసిపోయిందనుకుని, ఆ రాత్రి అన్నం తినకుండా ఏడ్చాను.

తెల్లారి నాయనమ్మ, రోజూ గోడకు ఆనించే మంచాన్ని వాకిలి నడుమ పక్కవాటుగా నిలబెట్టింది.

"గిట్ల ఏడుస్తవేందే? పగలంత నేను పండుకుంటనా? ఆడుకోండ్రి. పొద్దుగూకినంక నా మంచం నాకియ్యాలె!"

ఆ మంచమే మాకు నెట్టయింది, సరిగ్గా మా ఎత్తుకు సరిపోయింది.

ఈ సాయంత్రం పిల్లల ఆట అయ్యాక నెట్టు విప్పుతుంటే, నాయనమ్మకు పక్క వేస్తున్నట్టే ఉంది.