పేరు చెడగొట్టే మాటల పాఠం

పోయిన ఆదివారం మెల్‌బోర్న్ శివారు టార్నీట్‌లో ఉన్న మా అమ్మాయి ఇంటికి వెళితే, పదకొండో తరగతి చదువుతున్న మనవరాలు పుస్తకం ముందేసుకుని, "నానీ, స్లాండర్‌కీ లైబెల్‌కీ డిఫరెన్స్ ఏంటి? ఐ ఆల్వేస్ మిక్స్ దెమ్ అప్" అంది. ఒకరి మీద లేనిపోనివి నోటితో అంటే మొదటిది, కాగితం మీద పెడితే రెండోది అని నేను తడుముకోకుండా చెప్పేసరికి దానికి ఆశ్చర్యం వేసింది. నాకు ఆ తేడా కంఠతా రావడానికి కారణం నేను చదివిన ఎం.ఏ. కాదనీ, ఒక చైనా ఆవిడ రాసుకొచ్చిన ఉత్తరమనీ చెప్పబోయేలోగా అది చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టేసుకుంది. పోనీలే, మీకైనా చెబుతాను.

రెండువేల సంవత్సరం రాగానే కంప్యూటర్లన్నీ తేదీలు మరిచిపోయి లోకాన్ని తలకిందులు చేస్తాయని హడలిపోయిన రోజులు మన కాలంవాళ్ళకు గుర్తుండే ఉంటాయి. ఆ హడలు పుణ్యమా అని, పాతబడిపోయిందనుకున్న కోబాల్ అనే కంప్యూటర్ భాష మాత్రమే వచ్చిన మావారికి ఒక్కసారిగా గిరాకీ పెరిగి, కడప నుంచి మెల్‌బోర్న్ వచ్చి పడ్డాం. ఇంట్లో ఉర్దూ, వీధిలో తెలుగు, కాలేజీలో ఇంగ్లీషు మాట్లాడుతూ పన్నెండేళ్ళు ఆడపిల్లలకు వ్యాకరణం చెప్పినదాన్ని, ఇక్కడ దుకాణంలో 'వెనిగర్' అడిగితే నాచేత మూడుసార్లు చెప్పించుకునేవారు. ఉసూరుమని కూర్చున్న రోజుల్లో లైబ్రరీ గోడ మీద, చైనా నుంచి కొత్తగా వచ్చినవాళ్ళకు ఇంగ్లీషు నేర్పడానికి వాలంటీర్లు కావాలన్న కాగితం కనిపించింది. అలా ప్రతి శనివారం మధ్యాహ్నం లైబ్రరీ వెనక హాల్లో, తొమ్మిదిమంది చైనావాళ్ళకు నేను టీచరునయ్యాను.

వాళ్ళలో ఒకావిడ ఒక కంపెనీలో టెస్టరు. ప్రోగ్రాములు కొత్త తేదీలకు తట్టుకుంటాయో లేదో పరీక్షించి సంతకం పెట్టడం ఆవిడ పని. నలభై ఏళ్ళుంటాయి, మనిషి మితభాషి, రెండు ట్రాములు మారి వచ్చినా క్లాసుకు అందరికంటే ముందే ఉండేది. తొంభైతొమ్మిది ఆఖరులో ఒక శనివారం కళ్ళు వాచి వచ్చి, నా చేతిలో ఒక ఉత్తరం పెట్టింది. పక్కసీటు అతను, ఆవిడ పరీక్షలు చెయ్యకుండానే సంతకాలు పెట్టేస్తోందని టీ గదిలో నలుగురితో అన్నాడట. ఆ మాట మేనేజరు దాకా వెళ్ళి, ఆయన కొత్త పని ఇవ్వడం మానేశాడట. పని ముగింపుకొచ్చాక ఎవరిని ఉంచుకోవాలో, ఎవరిని పంపాలో తేల్చే రోజులవి. భర్తకింకా ఉద్యోగం దొరకలేదు. సోమవారం ఆ ఉత్తరం మేనేజరుకు ఇవ్వాలి.

చదివితే నాకు నవ్వూ వచ్చింది, జాలీ వేసింది. నిఘంటువులో పేరు చెడగొట్టడమనే అర్థానికి ఎదురుగా ఉన్న మాటలన్నీ ఒక్కటీ వదలకుండా ఎక్కించేసింది పాపం. ఆ పక్కసీటు మనిషి ఒకే పేరాలో స్లాండర్ చేశాడు, లైబెల్ చేశాడు, డిఫేమ్ చేశాడు, స్మియర్ చేశాడు, చివరికి ఆవిడ పేరును హత్య కూడా చేశాడు.

ఆవిడ ఒప్పుకున్నాక ఆ రోజు అదే పాఠం చేశాను. నోటి నింద, రాత నింద, కోర్టు మెట్లెక్కించే పరువు నష్టం, టీ గదిలో చాటున చెప్పుకునే బ్యాడ్‌మౌత్ అన్నీ బోర్డు మీద రాశాను. స్మియర్ అంటే మసి పూయడమని చెయ్యి తిప్పి చూపిస్తే, మా భాషలోనూ నలుపు పూస్తారని వాళ్ళంతా ఉత్సాహపడ్డారు. తమ దగ్గర నోట్లో నెత్తురు నింపుకుని ఎదుటివాడి మీద ఉమ్మడమనే మాట ఉందని ఒకావిడ చెబితే, మేము బురద చల్లడంతో సరిపెట్టుకుంటామని నేనన్నాను. పరువు తీయడంలో ఏ దేశమూ తక్కువ తినలేదని తేలింది.

బ్యాడ్‌మౌత్‌కి ఉదాహరణగా, పార్కులో బార్బీ దగ్గర, అదే బార్బెక్యూ పొయ్యి దగ్గర, నేను నిలబడి, మా వీధి ఆయనకు పని రాదు కాబట్టే కాంట్రాక్టు పోయింది అన్నాననుకోండి అని చెప్పాను. క్లాసులో రిటైరైన లెక్కల మాస్టారొకాయన ఉండేవారు. ఆయన చెయ్యెత్తి, "టీచర్, ఈజ్ ఇట్ ట్రూ?" అన్నారు.

"ఐ డోంట్ నో," అన్నాను.

"దెన్ వై యు సే?"

అందరూ నవ్వారు, నేనూ నవ్వాను కానీ చెవులు వేడెక్కాయి. ఎందుకంటే అది ఉదాహరణ కాదు. ముందటి ఆదివారం పార్కులో, అచ్చం అదే మాట నలుగురు ఆంటీల మధ్య నేను అన్నదే.

తర్వాత ఆ ఉత్తరంలో పెద్ద మాటలన్నీ కొట్టేశాం. ఇది నిజం కాదు, నేను ప్రతి పరీక్షా చేశాను, ఇవిగో ప్రింటౌట్లు, దయచేసి చూడండి. నాలుగు వాక్యాలే మిగిలాయి. లెక్కల మాస్టారు చేతులు కట్టుకుని, మేనేజరై కూర్చుని, "ప్రూవ్ ఇట్!" అని గద్దిస్తుంటే, ఆవిడ గొంతు వణక్కుండా చెప్పగలిగేదాకా పదిసార్లు చెప్పించాం.

ఆ సాయంత్రమే నేను ఆ మా వీధి ఆయన భార్యకు ఫోన్ చేసి, మీవారి గురించి తెలిసీ తెలియక అన్నాను, క్షమించమన్నాను. "విన్నాలేమ్మా. నువ్వు ఫోన్ చేస్తావని మాత్రం అనుకోలేదు," అందావిడ. నేనన్నది తప్పని ఆ నలుగురు ఆంటీలకూ చెప్పుకున్నాను. మొదటి ఫోన్ కంటే అదే కష్టమైంది.

మరుసటి శనివారం మా టెస్టరు ఒక గిన్నె మోసుకుంటూ నవ్వుతూ వచ్చింది. మేనేజరు కాగితాలన్నీ తిరగేశాడట. పక్కసీటు అతను అంతకుముందు నెల ఫైలు ఒక్కటే చూసి, అందులో ఈ నెల పరీక్షలు కనిపించక వాగాడని తేలిందట. అదే టీ గదిలో, అందరి ముందూ సారీ చెప్పాడట. ఆవిడకు కొత్త పని ఇచ్చారు. "టీచర్, చెడగొట్టడానికి సో మెనీ వర్డ్స్ ఇచ్చావు. ఫిక్స్ చెయ్యడానికి?" అన్న అర్థం వచ్చేలా అడిగింది. క్లియర్, అంటే మచ్చ తుడిచెయ్యడం, అని చెప్పాను. బల్ల తుడిచినట్టా అని అడిగి, అవునంటే పొంగిపోయి, "మై నేమ్ ఈజ్ క్లియర్ టేబుల్!" అని ప్రకటించింది. దిద్దబుద్ధి కాలేదు నాకు. గిన్నెలో ఆవిరి కుడుములున్నాయి. నేను పంది మాంసం తిననని, నా కోసం గుడ్డూ ఉల్లికాడలూ పెట్టి విడిగా చేసుకొచ్చింది.

ఇప్పుడా హాల్లో క్లాసులు లేవు. మాట కావాలంటే ఫోనే చెప్పేస్తుంది, పైగా మాస్టారిలా ఎదురు ప్రశ్న వెయ్యదు. మా టెస్టరావిడ రిటైరై డార్విన్‌లో కూతురి దగ్గర ఉంటోంది. ప్రతి ఈద్ పండక్కీ మరిచిపోకుండా నాకు మెసేజి పంపుతుంది. పొందికైన వాక్యాలు, చక్కటి ఇంగ్లీషు, వెతికినా ఒక్క తప్పు దొరకదు, ఆ ఫోనే రాసిపెడుతుంది కాబోలు. ఎంతసేపు చదువుకున్నా అందులో ఆవిడ గొంతు మాత్రం నాకు వినిపించదు.