సెంటర్ స్టాండు లేని బండి

మొన్న ఆదివారం పక్కింట్లో కొత్తగా దిగిన కుర్రాడు వాకిట్లో బండి వెనక చక్రం ఊడదీయబోతూ, "బేగి రా, బండి పట్టుకో" అని పెళ్ళాన్ని కేకేశాడు. ఆ పిల్ల పిండి చేతులతోనే పరుగెత్తుకొచ్చి సీటు పట్టుకుని నిలబడింది. నాకు ఎడమ పాదం జివ్వుమంది. కుంటుకుంటూ లోపలికెళ్ళి నైలాను తాడు తెచ్చి కంచె మీదుగా అందించి, "బండిని దూలానికేసి కట్టించమ్మా, నువ్వు పక్కకి తప్పుకో" అన్నాను. నవ్వుతూ పుచ్చుకుంది. సాయంత్రానికి ఆ తాడు మీద బట్టలు ఆరుతున్నాయి.

పెళ్ళయిన కొత్తలో నాదీ అదే ఉద్యోగం, బండి పట్టుకోవడం. అసలు ఉద్యోగం వేరే ఉండేది లెండి. అనంతగిరి కొండల మీది ఊళ్ళకు నడిచివెళ్ళి పసిపిల్లల బరువు తూచి, తల్లులకు మందులిచ్చి రావడం. జీపు పోని దారుల్లో కాఫీ పూల వాసన పీలుస్తూ నడుస్తుంటే, దీనికి జీతం కూడా ఇస్తున్నారా అని ఆశ్చర్యంగా ఉండేది. మా ఆయనకేమో బండి మీద సంతలు తిరిగి చీరలమ్మే వ్యాపారం. రాళ్ళదారిలో కింద తగులుతోందని, మా వైపు చాలామందిలాగే, సెంటర్ స్టాండు పీకించేశారు. సైడు స్టాండు మీద వాలిన బండికి చక్రం విప్పడం కుదరదు. మెకానిక్కు దగ్గరికి వెళ్ళడం ఆయనకు నామోషీ. అందుకని ఇంజను కింద సిల్వర్ ఓక్ దుంగ ఒకటి దోపి, పక్కన నన్ను నిలబెట్టేవారు. "దూలానికి తాడు కట్టండి, దుంగ కింద చెక్కయినా వెయ్యండి" అని ఒకసారి అంటే, "నువ్వుండగా తాడేటికే?" అన్నారు. పిచ్చిదాన్ని, ఆ మాటకి మురిసిపోయాను.

ఆ ఏడు వానలకు వాకిలి మెత్తబడి ఉంది. ఇరుసు రావడం లేదని ఆయన సుత్తితో ఒక్కటిచ్చారు. దుంగ ఒక పక్కకి బురదలో దిగబడి, బండి నా మీదికి ఒరిగింది. ఆపాలనే అనిపించింది తప్ప వదిలేసి గెంతాలనిపించలేదు, అలవాటు అలాంటిది. ఎడమ పాదం దాని కింద పడి నలిగింది. నేను కేక పెట్టేసరికి ఆయన ఒక్క ఊపున బండి లేపి గోడకి ఆనించారు. నాకోసమే లేపారనుకున్నాను. "అయ్యో, టేంకు సొట్ట పడిపోనాదే!" అంటూ దాన్ని తడుముతున్నారు. గుమ్మంలోంచి అత్తగారు, "సరీగా పట్టుకోలేపోనావేటే?" అన్నారు.

ఎముకలు అతికాయి గాని వంకరగా అతికాయి. కొండెక్కలేనిదానికి ఆ ఉద్యోగం ఎలా ఉంటుంది? ఇంకొకామెకిచ్చారు. పైఊరి తల్లి ఒకామె పసిబిడ్డను చంకనేసుకుని, అనాసపండు పట్టుకుని దిగొచ్చి, "నువ్వు రాపోతే మా గుంటల్ని ఎవులు తూత్తారమ్మా?" అని అడిగితే, ఆ రోజు ఏడ్చాను. ఆ నెలలోనే ఆయన పాడేరు వెళ్ళి బండికి సెంటర్ స్టాండు వేయించుకొచ్చారు. పట్టుకోవడానికి మనిషి లేదు మరి.

ఇప్పటికీ ఇంటికి ఎవరైనా వస్తే ఆయన ఆ కథ సరదాగా చెబుతారు. దుంగ జారడం, బండి పడడం, టేంకు సొట్ట తీయించడానికి తిరిగిన తిరుగుడు, అన్నీ ఉంటాయి. నేనుండను. ఈమధ్య చుట్టాలతో చెబుతుంటే, కాఫీ గ్లాసులు అందిస్తూ, "అప్పుడు నేనెక్కడున్నానండీ?" అని అడిగాను. ఆయన నిజంగానే కాసేపు ఆలోచించి, "నువ్వా రోజు కొండమీదికి డ్యూటీకెల్లినట్టున్నావు" అన్నారు. కాలం అన్నీ మరిపిస్తుందంటారు. మరిపించింది, ఆయనకి.