అట్టమీద పేరు

రికార్డు గది గుమాస్తా ఆసుపత్రిలో అందరికీ బాబాయే. ముప్పై ఏళ్లు ఏ ఫైలడిగినా చిటికెలో తీసిచ్చాడు. పోయిన నెలే కాగితాలన్నీ కంప్యూటర్‌లోకెక్కించి, అసలువి తుక్కుకి పంపేశారు.

"బాబాయ్, రేపే మా అమ్మకి ఆపరేషన్. ఏ మత్తుమందు పడదో పాత ఫైల్లోనే ఉంది. పేరు కొడితే వచ్చేస్తుందిగా?" అంది నర్సు.

"రాదమ్మా. పేరు అట్టమీదే రాసేవాళ్లం. పని తొందరగా తెమలాలని అట్టలొదిలేసి, లోపలి పేజీలే స్కాన్ చేశాను."

"మొత్తం ఎన్ని పేజీలు?"

"నాలుగు లక్షలు. నా బట్టతలమీద జుట్టు వెతకడం నయం." నవ్వబోయి ఆగిపోయాడు. "డాక్టరు కాళ్లు పట్టుకుని ఒక్కరోజు ఆపించు తల్లీ."

"ఆపితే అమ్మ ప్రాణం ఆగదు బాబాయ్!"

బాబాయ్ కంప్యూటర్‌లో మొదటి పేజీ తెరిచాడు.